కరెంట్ లెక్కలు: గీజర్, ఇస్త్రీ పెట్టె, కెటిల్.. ఏది ఏ ప్లగ్‌కు పెట్టాలి? ఈ రెండు సూత్రాలు తెలిస్తే మీరే తేల్చేయొచ్చు!

ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉంటున్నారా? ప్లగ్ కాలిపోతున్నా ఎంసీబీ పడిపోని సందర్భాలు ఉన్నాయి. అదెలాగో తెలియాలంటే వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్, పవర్.. ఈ నాలుగింటి లెక్క తెలియాలి. ఒక గుణకారం, ఒక భాగహారం వస్తే చాలు.

గీజర్ ఆన్ చేసిన కాసేపటికి ప్లగ్ దగ్గర కాలిన వాసన వస్తోందా? ఇస్త్రీ చేస్తుంటే ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైర్ వేడెక్కుతోందా? సాకెట్ రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారిందా? అయితే దాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. షార్ట్ సర్క్యూట్ అని మనం వినే చాలా ప్రమాదాలు ఇలాంటి చిన్న వేడితోనే మొదలవుతాయి.

మంచి విషయం ఏమిటంటే.. ఏ వస్తువు ఎంత కరెంట్ లాగుతుందో, ఏ ప్లగ్ ఎంత తట్టుకుంటుందో ముందే లెక్క వేసుకోవచ్చు. కావాల్సిన అంకెలన్నీ ఆ వస్తువు వెనక స్టిక్కర్ మీదే ఉంటాయి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేస్తే అర నిమిషంలో పని అయిపోతుంది.

కరెంట్ అంటే ఏంటి? వోల్టేజ్ అంటే ఏంటి?

మనం మాట్లాడేటప్పుడు అన్నింటికీ కలిపి ‘కరెంట్’ అనే అంటాం. ‘కరెంట్ పోయింది’, ‘కరెంట్ బిల్లు వచ్చింది’, ‘కరెంట్ తక్కువగా వస్తోంది’.. ఇలా. కానీ లెక్క దగ్గరికి వచ్చేసరికి వీటిని విడదీయాలి. ‘కరెంట్ తక్కువగా వస్తోంది’ అన్నప్పుడు నిజానికి తగ్గింది వోల్టేజ్.

మేడ మీద వాటర్ ట్యాంక్‌ను గుర్తు చేసుకోండి. ట్యాంక్ ఎంత ఎత్తులో ఉంటే కింద కుళాయి దగ్గర అంత ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి లాంటిదే వోల్టేజ్. దీన్ని వోల్టుల్లో కొలుస్తారు. పైపులో నిజంగా పారే నీళ్ల లాంటిది కరెంట్. దీన్ని ఆంపియర్లలో, అంటే మన ఎలక్ట్రీషియన్లు చెప్పే ‘యాంప్స్’లో కొలుస్తారు. పైపు సన్నగా ఉంటే నీళ్లు తక్కువగా వస్తాయి కదా.. అలా అడ్డుకునే గుణమే రెసిస్టెన్స్. స్కూల్ పుస్తకాల్లో దీన్నే నిరోధం అంటారు. కొలత ఓమ్స్‌లో ఉంటుంది.

ఇక నాలుగోది పవర్. ఒక వస్తువు సెకనుకు ఎంత శక్తిని వాడుకుంటోంది అనేదే పవర్. దీని కొలత వాట్. గీజర్ మీద 2000 వాట్లు, బల్బు మీద 9 వాట్లు అని రాసి ఉండేది ఇదే.

గుర్తుంచుకోవాల్సిన రెండు సూత్రాలు ఇవే

మొదటిది: రెసిస్టెన్స్ = వోల్టేజ్ ÷ కరెంట్

రెండోది: పవర్ = వోల్టేజ్ × కరెంట్

మొదటి దానికి పునాది ఓమ్ నియమం. జర్మనీకి చెందిన జార్జ్ సైమన్ ఓమ్ 1827లో దీన్ని ప్రచురించారు. అప్పట్లో ఆయన స్కూల్లో పాఠాలు చెప్పే టీచర్. ఆయన పేరే రెసిస్టెన్స్ కొలతకు పెట్టారు.

ఇప్పుడు గీజర్‌తో లెక్క చేద్దాం. మన ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజ్ సప్లై 230 వోల్టులు. గీజర్ స్టిక్కర్ మీద 2000 వాట్లు అని ఉంది. పవర్‌ను వోల్టేజ్‌తో భాగిస్తే కరెంట్ వస్తుంది.

2000 ÷ 230 = 8.7 యాంప్స్

ఇప్పుడు వోల్టేజ్‌ను ఈ కరెంట్‌తో భాగిస్తే గీజర్ లోపల ఉన్న హీటింగ్ ఎలిమెంట్ రెసిస్టెన్స్ వస్తుంది.

230 ÷ 8.7 = సుమారు 26.4 ఓమ్స్

ఈ రెండు సూత్రాలను కలిపితే ఇంకో రెండు షార్ట్‌కట్‌లు కూడా వస్తాయి. పవర్ = కరెంట్ × కరెంట్ × రెసిస్టెన్స్. అలాగే పవర్ = వోల్టేజ్ × వోల్టేజ్ ÷ రెసిస్టెన్స్. వీటిలో మొదటిదాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ప్లగ్ ఎందుకు కాలుతుందో చెప్పేది అదే.

ముందు మీ చేతిలోని ఛార్జర్‌తో మొదలుపెట్టండి

ఫోన్ ఛార్జర్‌ను ఒకసారి తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు లైన్లు కనిపిస్తాయి.

అవుట్‌పుట్ దగ్గర 5 వోల్టులు, 2 యాంప్స్ అని ఉంటే 5 × 2 = 10 వాట్లు. 9 వోల్టులు, 2 యాంప్స్ అని ఉంటే 18 వాట్లు. ల్యాప్‌టాప్‌లకు వాడే ఛార్జర్ మీద 20 వోల్టులు, 3.25 యాంప్స్ అని ఉంటే 65 వాట్లు. డబ్బా మీద పెద్దగా రాసే ‘ఫాస్ట్ ఛార్జింగ్’ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీరే చెప్పేయొచ్చు.

ఇక్కడ ఇంకో విషయం కూడా ఉంది. 65 వాట్ల ఛార్జర్ ఫుల్ స్పీడ్‌లో పనిచేసినా 230 వోల్టుల ప్లగ్ నుంచి లాగే కరెంట్ అర యాంప్ దగ్గర్లోనే ఉంటుంది. అందుకే ఒక బోర్డుకు నాలుగు ఛార్జర్లు పెట్టినా పెద్దగా ఇబ్బంది ఉండదు. అదే బోర్డుకు ఒక్క కెటిల్ పెడితే లెక్క మొత్తం మారిపోతుంది.

చిన్న ప్లగ్‌కు ఎంత? పెద్ద ప్లగ్‌కు ఎంత?

మన ఇళ్లలో ప్రధానంగా రెండు రకాల సాకెట్లు ఉంటాయి. ఒకటి 6 యాంప్స్ చిన్న సాకెట్. రెండోది 16 యాంప్స్ పెద్ద సాకెట్. దీన్నే పవర్ ప్లగ్ అంటుంటాం. పెద్దవాళ్లు ఇప్పటికీ వీటిని 5 యాంప్స్, 15 యాంప్స్ ప్లగ్‌లు అనే పిలుస్తుంటారు. అవి పాత రేటింగులు.

వీటి పరిమితిని వాట్లలోకి మారిస్తే..

చిన్న సాకెట్: 230 × 6 = 1380 వాట్లు

పెద్ద సాకెట్: 230 × 16 = 3680 వాట్లు

ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు. 1380 వాట్లు దాటిన ఏ వస్తువునూ చిన్న సాకెట్‌కు పెట్టకూడదు. ఇప్పుడు ఇంట్లో ఉండే వస్తువులు ఒక్కోటి ఎంత లాగుతాయో చూద్దాం. మోడల్‌ను బట్టి వాట్లు మారతాయి కాబట్టి మీ వస్తువు మీద స్టిక్కర్ చూసి లెక్క వేసుకోండి.

• ఎల్‌ఈడీ బల్బు, 9 వాట్లు: సుమారు 0.04 యాంప్
• సీలింగ్ ఫ్యాన్, 75 వాట్లు: సుమారు 0.33 యాంప్
• రైస్ కుక్కర్, 700 వాట్లు: సుమారు 3 యాంప్స్
• మిక్సీ, 750 వాట్లు: సుమారు 3.3 యాంప్స్
• ఇస్త్రీ పెట్టె, 1000 వాట్లు: సుమారు 4.3 యాంప్స్
• ఎలక్ట్రిక్ కెటిల్, 1500 వాట్లు: సుమారు 6.5 యాంప్స్
• వాటర్ హీటర్ రాడ్, 1500 వాట్లు: సుమారు 6.5 యాంప్స్
• ఇండక్షన్ స్టవ్, 2000 వాట్లు: సుమారు 8.7 యాంప్స్
• స్టోరేజ్ గీజర్, 2000 వాట్లు: సుమారు 8.7 యాంప్స్
• ఇన్‌స్టంట్ గీజర్, 3000 వాట్లు: సుమారు 13 యాంప్స్

లిస్టులో కెటిల్, హీటర్ రాడ్ దగ్గర ఆగి చూడండి. 1500 వాట్లంటే 6.5 యాంప్స్. అంటే చిన్న సాకెట్ పరిమితి దాటిపోయింది. చలికాలంలో బకెట్‌లో రాడ్ వేసి, దాని ప్లగ్‌ను హాల్లో టీవీ పక్కన ఉండే చిన్న సాకెట్‌కు పెట్టేస్తుంటారు. ‘ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా’ అంటారు. ఏమీ కాలేదు అంటే సురక్షితం అని కాదు. లోపల కాంటాక్ట్ ప్రతిరోజూ కొంచెం కొంచెంగా దెబ్బతింటూనే ఉంటుంది.

ఇంకా ప్రమాదకరమైనది కన్వర్షన్ ప్లగ్. పెద్ద పిన్నును చిన్న సాకెట్‌లో పెట్టడానికి షాపుల్లో దొరికే చిన్న అడాప్టర్ ఇది. పిన్ను సరిపోతుంది. కానీ వెనక ఉన్న సాకెట్ సామర్థ్యం మాత్రం పెరగదు. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ను ఇలా చిన్న సాకెట్‌కు పెడితే, 6 యాంప్స్ మోయాల్సిన చోట 8.7 యాంప్స్ పారుతుంది. దాదాపు 45 శాతం అదనపు లోడ్!

ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో నాలుగు సాకెట్లు ఉంటే నాలుగింతలు కాదు!

ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో నాలుగు సాకెట్లు ఉంటాయి. ఒక్కోటి 6 యాంప్స్ కాబట్టి మొత్తం 24 యాంప్స్ వాడుకోవచ్చు అనుకుంటే పొరపాటు. ఆ నాలుగింటికీ కరెంట్ వెళ్లేది ఒకే ప్లగ్, ఒకే వైర్ నుంచి. బాక్స్ ప్లగ్ 6 యాంప్స్‌ది అయితే నాలుగూ కలిపి 6 యాంప్స్ దాటకూడదు.

హాస్టల్ గదినో, పీజీ గదినో ఊహించుకోండి. ఒకే బాక్స్‌కు 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె, 700 వాట్ల రైస్ కుక్కర్, రెండు ఫోన్ ఛార్జర్లు. ఇస్త్రీ పెట్టెకు 4.3, కుక్కర్‌కు 3, ఛార్జర్లకు అర యాంప్ వేసుకున్నా మొత్తం 7.8 యాంప్స్. విడివిడిగా చూస్తే ఏదీ ఎక్కువ కాదు. కలిపితే మాత్రం బాక్స్ పరిమితి దాటింది.

మరి ఎంసీబీ పడిపోదా? ఆ గది లైన్‌కు 16 యాంప్స్ ఎంసీబీ ఉంటే, దాని దృష్టిలో 7.8 యాంప్స్ అంటే సగం లోడ్ కూడా లేదు. అది కదలను కూడా కదలదు. ఎంసీబీ పని గోడలోని వైరింగ్‌ను కాపాడటం. మీరు తెచ్చి పెట్టిన సన్నటి బాక్స్ వైర్ సంగతి దానికి తెలియదు.

అసలు ప్లగ్ ఎందుకు కాలుతుంది? అసలు విషయం ఇదే

ఇందాక గుర్తుపెట్టుకోమన్న సూత్రం ఇప్పుడు పనికొస్తుంది. వేడి రూపంలో పోయే పవర్ = కరెంట్ × కరెంట్ × రెసిస్టెన్స్. ఇందులో కరెంట్ రెండుసార్లు వస్తుంది. అంటే కరెంట్ రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు.. నాలుగు రెట్లు అవుతుంది. మూడింతలైతే వేడి తొమ్మిది రెట్లు.

పిన్ను, సాకెట్ గట్టిగా పట్టుకుని ఉంటే అక్కడ రెసిస్టెన్స్ దాదాపు సున్నా. కానీ సాకెట్ లూజ్ అయితే, స్క్రూ వదులైతే, పిన్ను మీద నల్లటి మసి పేరుకుంటే అక్కడ చిన్న రెసిస్టెన్స్ పుడుతుంది. ఉదాహరణకు అర ఓమ్ అనుకుందాం. వినడానికి చాలా చిన్న అంకె. లెక్క చూడండి.

ఆ లూజ్ సాకెట్‌కు 100 వాట్ల టీవీ పెడితే కరెంట్ 0.43 యాంప్. వేడి = 0.43 × 0.43 × 0.5 = 0.09 వాట్. ఏమీ తెలియదు.

అదే సాకెట్‌కు 2000 వాట్ల గీజర్ పెడితే కరెంట్ 8.7 యాంప్స్. వేడి = 8.7 × 8.7 × 0.5 = దాదాపు 38 వాట్లు!

మొబైల్ రిపేర్ షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25 వాట్లదే ఉంటుంది. అది సీసాన్ని కరిగిస్తుంది. మీ ప్లగ్ లోపల, వేలి గోరంత చోట అంతకంటే ఎక్కువ వేడి పుడుతోందన్నమాట. ప్లాస్టిక్ కరగక ఏమవుతుంది? కరెంట్ 20 రెట్లు పెరిగితే వేడి ఏకంగా 400 రెట్లు పెరిగింది. టీవీ పెట్టినప్పుడు ఏళ్ల తరబడి బాగున్న సాకెట్, హీటర్ పెట్టిన వారానికే కాలిపోవడం వెనక ఉన్న లెక్క ఇదే.

వేడెక్కిన కొద్దీ లోపలి ఇత్తడి పత్తి ఇంకా వదులవుతుంది. మసి ఇంకా పేరుకుంటుంది. రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. దాంతో వేడి మరింత పెరుగుతుంది. ఇలా ఒకదానికొకటి తోడై చివరికి మంటదాకా వెళ్తుంది.

ఇక ఎంసీబీ సంగతి. లూజ్ కాంటాక్ట్ వల్ల సర్క్యూట్‌లో మొత్తం రెసిస్టెన్స్ కొద్దిగా పెరుగుతుంది. అంటే కరెంట్ పెరగదు సరికదా, కాస్త తగ్గుతుంది కూడా. కరెంట్ పెరిగితేనే పడిపోయే ఎంసీబీకి ఈ ప్రమాదం కనిపించదు. దీన్ని పట్టుకోగలిగేది మీ ముక్కు, మీ కన్ను, మీ చెయ్యి మాత్రమే. కాలిన వాసన, రంగు మారిన ప్లాస్టిక్, ఆఫ్ చేసి తీశాక చేతికి వేడిగా తగిలే ప్లగ్.. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ సాకెట్ వాడకం ఆపేయాల్సిందే.

వైర్ సన్నగా ఉంటే ఏమవుతుంది?

వైర్‌కు కూడా రెసిస్టెన్స్ ఉంటుంది. పొడవు పెరిగితే పెరుగుతుంది. లావు పెరిగితే తగ్గుతుంది. 1 చదరపు మిల్లీమీటర్ రాగి తీగ ఒక మీటర్‌కు సుమారు 0.017 ఓమ్ ఉంటుంది.

బోర్డు నుంచి బాత్రూమ్ 10 మీటర్ల దూరం అనుకోండి. పోయి రావాలి కాబట్టి వైర్ 20 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైర్ అయితే రెసిస్టెన్స్ దాదాపు 0.23 ఓమ్. 2000 వాట్ల గీజర్‌కు ఇందులో సుమారు 17 వాట్లు వేడిగా పోతాయి. 2.5 వైర్ అయితే ఇది దాదాపు 10 వాట్లకు, 4 వైర్ అయితే 6 వాట్ల దగ్గరికి తగ్గుతుంది. పవర్ ప్లగ్‌లకు 2.5, ఏసీ, గీజర్ లాంటి వాటికి 4 వేయమని ఎలక్ట్రీషియన్లు చెప్పేది అందుకే. ఇల్లు కట్టేటప్పుడు వైర్ దగ్గర ఆదా చేస్తే ఆ తర్వాత గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

ఎక్స్‌టెన్షన్ వైర్‌ను చుట్ట చుట్టి వాడటం కూడా మంచిది కాదు. వేడి బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుపోతుంది.

లో వోల్టేజ్ వస్తే గీజర్ బతుకుతుంది.. మోటార్ కాలుతుంది! ఎందుకు?

వేసవిలో, సాయంత్రం వేళల్లో చాలా ఊళ్లలో వోల్టేజ్ పడిపోతుంటుంది. 230కి బదులు 180 వోల్టులే వచ్చిందనుకుందాం. రెండు రకాల వస్తువులు రెండు రకాలుగా స్పందిస్తాయి.

గీజర్ లోపలి ఎలిమెంట్ రెసిస్టెన్స్ పెద్దగా మారదు. అదే 26.4 ఓమ్స్. కాబట్టి పవర్ = 180 × 180 ÷ 26.4 = సుమారు 1227 వాట్లు. వోల్టేజ్ 22 శాతం తగ్గితే పవర్ దాదాపు 39 శాతం తగ్గిపోయింది. 15 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు తేవడానికి మామూలుగా 16 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 26 నిమిషాలు పడుతుంది. గీజర్‌కు మాత్రం నష్టమేమీ లేదు.

మోటార్ కథ వేరు. బావిలోంచి నీళ్లు పైకి తోడాల్సిన పని తగ్గదు. ఆ పని చేయడానికి కావాల్సిన పవర్ దాదాపు అంతే ఉంటుంది. వోల్టేజ్ తగ్గితే, పవర్ అంతే ఉండాలంటే కరెంట్ పెరగాలి. 230ని 180తో భాగిస్తే 1.28. అంటే కరెంట్ దాదాపు 28 శాతం పెరుగుతుంది. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంట్ × కరెంట్ లెక్కన పెరుగుతుంది కాబట్టి 1.28 × 1.28 = 1.64. అంటే వేడి 60 శాతానికి పైగా ఎక్కువ!

బోరు మోటార్లు కాలిపోయి వైండింగ్ షాపుల ముందు వరుస కట్టేది ఇందుకే. 5 హెచ్‌పీ మోటార్ అంటే 5 × 746 = 3730 వాట్ల పని. త్రీ ఫేజ్‌లో ఇది మామూలుగా 7, 8 యాంప్స్ దగ్గర తిరుగుతుంది. స్టార్టర్ ప్యానెల్‌లో ఆమీటర్ ఉంటే దాన్ని రోజూ ఒకసారి చూడాలి. ముల్లు మోటార్ నేమ్ ప్లేట్ మీద రాసిన కరెంట్‌ను దాటి నిలబడితే వెంటనే ఆపేయాలి. ఓవర్‌లోడ్ రిలే పడిపోతోందని సెట్టింగ్ పెంచేయడం, రిలేను తీసేసి డైరెక్ట్ చేయడం అంటే కాలిపోయే మోటార్‌కు ఉన్న చివరి కాపలా తీసేయడమే.

ఇంకో మాట. డైరెక్ట్‌గా స్టార్ట్ చేసే మోటార్ మొదటి క్షణాల్లో మామూలు కరెంట్‌కు ఐదారు రెట్లు లాగుతుంది. కరెంట్ రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి. కొన్ని నిమిషాల తేడాతో ఆన్ చేసుకుంటే అందరికీ మంచిది.

అమెరికాకు రైస్ కుక్కర్ తీసుకెళ్తున్నారా?

చదువుకోసం, ఉద్యోగం కోసం అమెరికా వెళ్లేవాళ్ల సూట్‌కేసులో పచ్చళ్లతో పాటు కుక్కర్, మిక్సీ కూడా పెట్టేస్తుంటారు. అక్కడ ఇళ్లలో సప్లై 120 వోల్టులు. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజ్‌ను మార్చదు.

మన 700 వాట్ల కుక్కర్ రెసిస్టెన్స్ = 230 × 230 ÷ 700 = సుమారు 75.6 ఓమ్స్. అక్కడ దాని పవర్ = 120 × 120 ÷ 75.6 = సుమారు 190 వాట్లు. నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే. ఎంతసేపు పెట్టినా అన్నం సరిగ్గా ఉడకదు.

అటు నుంచి ఇటు తెస్తే ఇంకా ప్రమాదం. 120 వోల్టులకు తయారైన 1500 వాట్ల కెటిల్ రెసిస్టెన్స్ 9.6 ఓమ్స్. దాన్ని ఇక్కడ 230 వోల్టులకు పెడితే కరెంట్ = 230 ÷ 9.6 = సుమారు 24 యాంప్స్. పవర్ 5500 వాట్లు! క్షణాల్లో కాలిపోవచ్చు.

ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు ఈ బాధ సాధారణంగా ఉండదు. ఇన్‌పుట్ దగ్గర 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే అవి రెండు చోట్లా పనిచేస్తాయి. ప్యాక్ చేసే ముందు ఆ ఒక్క లైన్ చదివితే చాలు.

ఇదే లెక్క మన ఒంటికీ వర్తిస్తుంది

షాక్ కొట్టినప్పుడు కూడా జరిగేది ఓమ్ నియమమే. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి ఉన్నప్పుడు శరీరం రెసిస్టెన్స్ 1000 ఓమ్స్ దగ్గరికి పడిపోవచ్చు. 230 ÷ 1000 = 0.23 యాంప్. అంటే 230 మిల్లీ యాంప్స్.

కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నదాన్ని వదల్లేని స్థితి సుమారు 10 మిల్లీ యాంప్స్ దాటాకే మొదలవుతుంది. 230 అంటే గుండె ఆగిపోయే స్థాయి. పొడి చర్మం కొంత ఎక్కువ అడ్డుకుంటుంది కానీ, 230 వోల్టుల దగ్గర దాన్ని నమ్ముకోవడానికి వీల్లేదు.

గమనించారా? 0.23 యాంప్ అంటే ఒక సీలింగ్ ఫ్యాన్ లాగే కరెంట్ కంటే తక్కువ. దీనికి 16 యాంప్స్ ఎంసీబీ పడిపోతుందని ఎలా ఆశిస్తాం? అందుకే ఆర్‌సీసీబీ పెట్టించుకోమని చెప్పేది. వెళ్లిన కరెంట్, తిరిగొచ్చిన కరెంట్ మధ్య తేడాను అది చూస్తూ ఉంటుంది. ఇళ్లకు పెట్టేది సాధారణంగా 30 మిల్లీ యాంప్స్‌ది. ఆ స్థాయి తేడా రాగానే సెకనులో చిన్న భాగంలోనే సప్లై కట్ చేస్తుంది. దాని మీద ‘టెస్ట్’ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి. పడిపోకపోతే మార్పించండి.

బకెట్‌లో హీటర్ రాడ్ ఉన్నప్పుడు నీళ్లు వేడెక్కాయో లేదో వేలు పెట్టి చూడటం ప్రాణాలతో చెలగాటమే. స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకేశాకే నీళ్లు ముట్టుకోవాలి.

ఈ సూత్రాలు ఎక్కడ కాస్త తేడా చూపిస్తాయి?

గీజర్, ఇస్త్రీ పెట్టె, కెటిల్ లాంటి వేడి చేసే వస్తువులకు పై లెక్క చక్కగా సరిపోతుంది. మోటార్, ఫ్యాన్, ఏసీ, ఎల్‌ఈడీ లాంటి వాటికి పవర్ ఫ్యాక్టర్ అనే ఇంకో అంకె కలుస్తుంది. అప్పుడు పవర్ = వోల్టేజ్ × కరెంట్ × పవర్ ఫ్యాక్టర్. ఈ అంకె 1 కంటే తక్కువ ఉంటుంది కాబట్టి, వాట్లను 230తో భాగిస్తే వచ్చే దానికంటే అసలు కరెంట్ ఎక్కువే ఉంటుంది. ఏసీ విషయంలో స్టిక్కర్ మీద రాసిన యాంప్స్‌నే లెక్కలోకి తీసుకోండి.

పాత ఫిలమెంట్ బల్బు కూడా తేడాగా ఉంటుంది. 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని రెసిస్టెన్స్ 880 ఓమ్స్ పైనే. చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్ పెట్టి కొలిస్తే అందులో పదో వంతు కూడా చూపించకపోవచ్చు. ఫిలమెంట్ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరగడమే కారణం. పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే మాడిపోయేది ఇందుకే.

మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు సప్లై పూర్తిగా తీసేసి ఉండాలి. ఓమ్స్ సెట్టింగ్‌లో ఉంచి కరెంట్ ఉన్న వైర్లకు తగిలిస్తే మీటర్ పాడవడమే కాదు, మీకూ ప్రమాదమే. ఇంట్లో కరెంట్ కొలవాలంటే ఎలక్ట్రీషియన్‌ను క్లాంప్ మీటర్ తీసుకురమ్మనండి. వైర్ కట్ చేయకుండానే యాంప్స్ చూపిస్తుంది.

మరి బిల్లు లెక్క?

1000 వాట్ల వస్తువు గంటసేపు వాడితే ఒక యూనిట్. అంతే. వాట్లను గంటలతో గుణించి 1000తో భాగించండి.

2000 వాట్ల గీజర్ రోజుకు అరగంట పనిచేస్తే ఒక యూనిట్, నెలకు 30 యూనిట్లు. 75 వాట్ల పాత ఫ్యాన్ రోజుకు 10 గంటలు తిరిగితే 0.75 యూనిట్. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 0.3 యూనిట్ మాత్రమే. ఒక్క ఫ్యాన్ మీదే నెలకు 13.5 యూనిట్ల తేడా. మూడు ఫ్యాన్లుంటే 40 యూనిట్లు. శ్లాబ్ మారిపోవడానికి కొన్నిసార్లు ఇది చాలు.

ఈరోజే చేయాల్సిన పనులు ఇవే

• ఇంట్లో వేడి చేసే వస్తువులన్నింటి వాట్లు చూడండి. 1380 దాటినవన్నీ పెద్ద సాకెట్‌కే పెట్టండి.
• ఎక్స్‌టెన్షన్ బాక్స్ వెనక రాసిన యాంప్స్ చూడండి. దానికి పెట్టిన వాటి యాంప్స్ అన్నీ కలిపి అంతకంటే తక్కువ ఉండాలి.
• గీజర్, ఇండక్షన్ స్టవ్, ఏసీలను ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు పెట్టొద్దు.
• లూజ్‌గా ఉన్న, రంగు మారిన సాకెట్‌ను మార్పించండి. నల్లబడిన ప్లగ్ టాప్‌ను కూడా దాంతో పాటే మార్చండి. ఒకటి మార్చి ఇంకోటి వదిలేస్తే కొత్తది కూడా త్వరగానే పాడవుతుంది.
• ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే పెద్ద ఎంసీబీ పెట్టించొద్దు. వైర్ మోయగలిగే దానికంటే పెద్దది పెడితే ఎంసీబీ బదులు వైర్ కాలుతుంది. ముందు లోడ్ తగ్గించండి.
• ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి.

ఒక సాకెట్, ఒక ప్లగ్ టాప్ మార్చడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. కాబట్టి ఈసారి కొత్త హీటరో, స్టవ్వో కొన్నప్పుడు ముందు దాని వాట్లను 230తో భాగించండి. వచ్చిన అంకె మీ గోడ మీదున్న సాకెట్ అంకె కంటే తక్కువైతేనే స్విచ్ వేయండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. వైరింగ్, సాకెట్లు, ఎంసీబీల మరమ్మతులను అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోవాలి.